నల్ల బండి మీద సాలెగూడు గీతలు: పాలిష్ సంగతి తర్వాత, ముందు గుడ్డ ఎవరి చేతిలో ఉందో చూడండి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన అడిగారు. నల్ల కారు కొని 14 నెలలైందట. రాత్రి పెట్రోల్ బంకులో లైట్ల కింద ఆపితే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు. అదే బండి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చూస్తే అద్దంలా ఉంటుంది. ఒక షాపువాళ్లు సిరామిక్ కోటింగ్ వేస్తే పోతాయన్నారు, ఇంకో షాపులో బానెట్ మొత్తం మళ్లీ పెయింట్ కొట్టాలన్నారు, బావమరిది టూత్‌పేస్ట్ పెట్టి రుద్దమన్నాడు. "బండి ఎక్కడా గీసుకోలేదు, రోజూ పొద్దున్నే వాచ్‌మన్ తుడుస్తాడు, నెలకోసారి వాటర్ సర్వీస్ చేయిస్తాను, ఇంత జాగ్రత్తగా ఉంటే ఎలా వచ్చాయి?" అన్నది అసలు ప్రశ్న. చివర్లో, డోర్ హ్యాండిల్ వెనక గుంటలో కూడా గీతలున్నాయి, వాటి సంగతేంటి అని అడిగారు.

ఆ మూడు సలహాల్లో ఏదీ పాటించకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా పెయింటింగ్ పనిలో ఉన్నాను, చివరి పదేళ్లూ ఎక్కువగా పాలిషింగే. "ఎక్కడా గీసుకోలేదండీ" అంటూ నల్ల బండి తెచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా వస్తారు. వాళ్లేం అబద్ధం చెప్పట్లేదు. ఇవి గీసుకుంటే వచ్చే గీతలు కావు. రోడ్డు ఇచ్చేది రాయి దెబ్బ, పక్క బైకు హ్యాండిల్ గీత. సాలెగూడు మాత్రం ఇంటి దగ్గరే వస్తుంది, శుభ్రం చేసే చేతి నుంచే వస్తుంది. "రోజూ వాచ్‌మన్ తుడుస్తాడు" అని మీరు జాగ్రత్త కింద రాశారు చూడండి, కారణం అదే.

గీత ఎక్కడుందో ముందు తెలియాలి. ఇప్పటి కార్లకు కంపెనీలోనే రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన రంగులేని పొర ఒకటి వేస్తారు. క్లియర్ కోట్ అంటారు, మా షెడ్డుల్లో లాకర్ అంటాం. నలుపు కింద ఉంది, మెరుపు పైన ఉంది. మీ గీతలన్నీ ఆ పైపొరలోనే ఉన్నాయి, అదీ పైపైనే. బానెట్ మీద నీళ్లు పోయండి, గీతలు మాయమవుతాయి. ఆరగానే మళ్లీ తేలతాయి. రంగు దాకా దిగలేదనడానికి అదో గుర్తు. రెండో గుర్తు గోరు: గీతకు అడ్డంగా గోరు మెల్లగా లాగితే తగులుకుందంటే అది లోతైనది, పాలిష్‌కు లొంగదు, దాని దారి వేరు. తగలకపోతే నిశ్చింతగా ఉండండి.

మరి గుండ్రంగా ఎందుకు కనపడతాయి? వాచ్‌మన్ గుండ్రంగా తుడిచాడు కాబట్టి అనుకుంటారు అందరూ. వంటింట్లోంచి నాలుగేళ్లు వాడిన స్టీలు కంచం ఒకటి తెచ్చి బల్బు కింద పట్టుకోండి. బల్బు ప్రతిబింబం పడినచోట చుట్టూ వలయాలు వలయాలుగా సన్న గీతలు కనిపిస్తాయి. కంచం కాస్త పక్కకు జరపండి, వలయాలు కూడా బల్బుతోపాటే జరుగుతాయి. పీచుతో తోమిన గీతలు నిజానికి అన్ని దిక్కులకూ ఉన్నాయి. వాటిలో వెలుగుకు అడ్డంగా పడినవే కంటికి తళుక్కుమంటాయి, అవన్నీ కలిసి బల్బు చుట్టూ చుట్టలా తోస్తాయి. మీ బానెట్ కూడా అలాంటి కంచమే. సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ వెలుగు పరుచుకుని ఉంటుంది కాబట్టి ఏదీ తేలదు. ఒక్క చోటు నుంచి సూటిగా వచ్చే వెలుగు కావాలి: పొద్దున పదింటి ఎండ, బంకు లైటు, సెల్‌ఫోన్ టార్చి. తెల్ల కారు మీదా ఇన్ని గీతలూ ఉంటాయి గానీ తెలుపు మీద తెల్ల తళుకు ఎవరికి కనపడుతుంది? నలుపు, ముదురు నీలం, మెరూన్ కొన్నవాళ్లకే ఈ తంటా. పాత బండి బేరానికి వెళ్లినప్పుడు నీడలో చూపిస్తుంటే ఎండలోకి తీయమని అడగండి, ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

ఇప్పుడు మీ వాచ్‌మన్ దగ్గరకు వద్దాం. దుమ్ము అంటే మెత్తటి మట్టి ఒక్కటే కాదు, అందులో కంటికి ఆనని సన్న ఇసుక ఉంటుంది. ఇసుకలో ఉండేది క్వార్ట్జ్, గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద 7. అద్దాన్నే గీయగలదు, లాకర్ దానికో లెక్కా! వాచ్‌మన్ ఐదున్నరకు లేచి ఒక బకెట్టు నీళ్లు, ఒక పాత లుంగీ ముక్క పట్టుకుని పదిహేను కార్లు తుడుస్తాడు. మూడో కారుకే నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. మీ కారు ఎన్నోదో ఒకరోజు పొద్దున్నే దిగి చూడండి. గుడ్డ పిండినప్పుడు నీళ్లు పోతాయి, ఇసుక పోదు, నేత పోగుల్లో ఇరుక్కుని ఉంటుంది. ఆ గుడ్డ మీ బానెట్ మీద అటూ ఇటూ ఆడుతుంది. 14 నెలలంటే 400 పైచిలుకు తుడుపులు. అతన్ని మాత్రం ఏమీ అనకండి. దుమ్ము కనపడకుండా ఉంచమని నెలకు ఇంత ఇస్తున్నారు, చెప్పిన పని చెప్పినట్టు చేశాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఇదే సంగతి ఇంకా పెద్దగా చూశాను. నీళ్లు తీశాక బండ్ల మీద ఎండిన ఒండ్రు, పౌడరు అద్దినట్టు. ఇల్లూ వాకిలీ పాడైన కంగారులో జనం చేతికందిన గుడ్డతో బండి తుడిచేశారు. తర్వాత నా దగ్గరకొచ్చిన వాటిలో కొన్నిటి డోర్లు ఉప్పు కాగితంతో రుద్దినట్టే ఉన్నాయి. అదే వీధిలో ఒక పెద్దాయన బండి ముట్టుకోకుండా పైపు పెట్టి పావుగంట నీళ్లు పారించి వదిలేశారట. ఆ బండి ఇంజను పోయింది, సీట్లు పోయాయి, పెయింట్ మాత్రం చెక్కుచెదరలేదు.

మిగతా కారణాలు గబగబా చెప్పేస్తాను. వాటర్ సర్వీస్ దగ్గర టైర్లు తోమిన స్పాంజి, కింద పడితే తీసి మళ్లీ అదే స్పాంజి. దుమ్ము మీదే కప్పే కవరు: గాలికి అది రెపరెపలాడినంతసేపూ మెల్లగా రుద్దుతూనే ఉంటుంది, కాబట్టి కడిగిన బండికైతేనే కవరు. డ్యాష్‌బోర్డుకు కొన్న డస్టర్ బానెట్ మీదకు రావడం. దుమ్ము మీద పిల్లలు వేలితో పేర్లు రాయడం (దుమ్ము పోయినా పేరు ఉంటుంది, నా షెడ్డులో ఒక బండి డిక్కీ మీద "చిన్ని" అని టార్చి వేస్తే చక్కగా చదవొచ్చు). వాహన పూజ కూడా చెప్పాలి. దుర్గమ్మ కొండ కింద కొత్త బండికి పూజ చేయించడం మన పద్ధతి, నా బండికీ చేయించాను. కానీ బానెట్ మీద తడి గంధంతో, పసుపుతో స్వస్తిక్ వేసి, అది ఎండాక గోరుతో గీకుతారు. బంతిపూల దండను తీగతో బానెట్ సందులో కడతారు, ఆ తీగ ఇంటికొచ్చేదాకా అక్కడే కోస్తుంటుంది. బొట్టు అద్దం మీద పెట్టించండి, దండ దారంతో కట్టించండి, ఎండిన పసుపును నీళ్లు పోసి నానబెట్టి కడగండి. అమ్మవారేమీ అనుకోదు.

ఇక తీయడం. తీయడానికి ముందు ఒక లెక్క తలకెక్కించుకోండి. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో లాకర్ వాటా మామూలుగా 40, 50 మైక్రాన్లు. మీ ఇంటికొచ్చే పేపరు షీటు ఒక్కటి 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంటే మీ బండి మెరుపంతా పేపరు షీటంత మందం కూడా లేదు. పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న లాకర్‌ను అరగదీయడం. సన్న పాలిష్‌కు మైక్రానో అటూ ఇటూనో, గట్టి కాంపౌండ్ (గరుకు పాలిష్ పేస్టు) రబ్బింగ్‌కు రెండు మూడు మైక్రాన్లో అంతకు మించో పోతుంది. పోయింది తిరిగి రాదు. ఎండ నుంచి రంగును కాపాడేదీ ఆ పొరే, మన ఎండలకు అది పలచబడితే ఏమవుతుందో పాత కార్ల టాప్ మీద పొలుసులు లేచిన తెల్లమచ్చలు చూస్తే తెలుస్తుంది. కాబట్టి ఏడాదికి రెండుసార్లు రబ్బింగ్ కొట్టించడం బండికి సేవ కాదు. ఒక్కసారి సరిగ్గా చేయించి, తుడిచే పద్ధతి మార్చుకోవాలి. పద్ధతి మారకుండా పాలిష్ చేయిస్తే ఆరు నెలల్లో మళ్లీ నా దగ్గరే ఉంటారు. నాకు గిరాకీ, మీకు లాకర్ ఖర్చు.

ఈ లెక్క నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. 2009లో ఒక డాక్టరు గారి నల్ల కారు, సాయంత్రం పెళ్లికి వెళ్లాలి త్వరగా ఇవ్వమన్నారు. రోటరీ పాలిష్ మిషను, దానికి ఉన్ని ప్యాడ్, మూడువేల ఆర్‌పీఎం. బానెట్ మధ్యలో రేకు వంగి మడతలా లేస్తుంది చూడండి, ఆ అంచు మీద ప్యాడ్ ఒక్క రెండు సెకన్లు ఎక్కువ నిలిచింది. వాసన వచ్చింది. ఎత్తి చూస్తే తెల్ల ఉన్ని మీద నల్ల మరక. లాకర్ పోయి రంగు వచ్చేసిందన్నమాట. బొటనవేలి గోరంత మచ్చ, దాని కోసం బానెట్ మొత్తం నా సొంత డబ్బుతో పెయింట్ చేసి ఇచ్చాను, డాక్టరు గారు పెళ్లికి ఆటోలో వెళ్లారు. అంచుల మీద పెయింట్ ఎప్పుడూ పలచగానే ఉంటుంది, వేడి అక్కడే ముందు చేరుతుంది. అప్పటి నుంచి మా షెడ్డులో అంచులకు టేపు వేయకుండా మిషను స్విచ్ నొక్కరు.

మీకు వచ్చిన మూడు సలహాల సంగతి చూద్దాం. సిరామిక్ కోటింగ్ పారదర్శకమైనది, కింద ఉన్న గీతలను అలాగే ఉంచి మీద గ్లాసు పోసినట్టు ఉంటుంది. పాలిష్ చేయకుండా కోటింగ్ వేస్తే గీతలను లామినేషన్ చేయించినట్టే. వేసిన వారం రోజులు గీతలు లేనట్టు కనిపిస్తే అది ముందు పూసిన నూనెల మహిమ. కొన్ని పాలిష్‌లలో గీతల్లో నిండే నూనెలు, ఫిల్లర్లు ఉంటాయి, నాలుగు వాష్‌లకు మేకప్ కడిగినట్టు పోతాయి. ఇక బానెట్ పెయింట్ అంటారా, కంపెనీలో రోబోలు వేసి పెద్ద ఓవెన్‌లో కాల్చిన పెయింట్‌ను, గోటికి కూడా తగలని గీతల కోసం తీసేసి మా షెడ్డు పెయింట్ వేయించుకుంటారా? పెయింటరుగా నాకు డబ్బులొచ్చే మాట కాదు గానీ, వద్దు. అమ్మేటప్పుడు కూడా "ఈ బండికి దెబ్బ తగిలింది" అంటారు. టూత్‌పేస్ట్‌లో అరగదీసే పొడి ఉన్న మాట నిజమే, కానీ అది పళ్లకు చేసింది. చేత్తో ఒకే చోట రుద్దితే అక్కడ మబ్బు పట్టినట్టు మచ్చ ఏర్పడుతుంది, ఆ మచ్చ తీయడానికి మళ్లీ నేను కావాలి. బావమరిదికి నా నమస్కారాలు చెప్పండి.

షాపులో చేయిస్తే నాలుగు విషయాలు చూసుకోండి. మొదటిది, పని మొదలుపెట్టే ముందు పెయింట్ మందం కొలిచే మీటరు తీస్తున్నారా. రేకు మీద పెట్టగానే మైక్రాన్లు చూపిస్తుంది. 14 నెలల మీ బండిలో అన్ని ప్యానెళ్లూ 100, 130 మధ్య ఉండి ఒక్క డోరు మాత్రం 250 చూపిస్తే అది ఎప్పుడో రీపెయింట్ అయిందని, అది కూడా దాటి బాగా పైకి పోతే కింద లప్పం ఉందని అర్థం. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు మీటరు పని చేయదు, అక్కడ చెయ్యి తేలిగ్గా పెట్టాలి. రెండోది, ఏ మిషను. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, త్వరగా కోస్తుంది, వేడి పెంచుతుంది. చెయ్యి తిరిగినవాడి చేతిలో అద్భుతం, హడావుడి మనిషి చేతిలో పడితే పాత గీతలు పోయి ఎండలో చారలు చారలుగా కదిలే మెరుపులు మిగులుతాయి, వాటిని హోలోగ్రామ్‌లు అంటాం. డ్యూయల్ యాక్షన్, డీఏ అంటాం, తిరుగుతూ ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం ఆపేస్తుంది. ప్రమాదం తక్కువ. మూడోది, కాంపౌండ్ తర్వాత ఫినిషింగ్ పాలిష్ వేస్తారా. తెల్ల బండికి ఒక్క స్టేజీతో సరిపెట్టొచ్చు, నలుపు మీద ఆ ఒక్కటీ సన్నటి మంచు పట్టినట్టు మిగులుతుంది. నాలుగోది, పని అయ్యాక ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిచి, టార్చి వేసి చూపించమనండి. నూనెలన్నీ పోయాక కూడా గీతలు లేకపోతేనే పోయినట్టు. కొంతమంది ముఖం చిట్లిస్తారు. చిట్లించిన చోట బండి ఇవ్వకండి.

సొంతంగా చేసుకునే ఓపికుంటే డీఏ మిషనుతో ఇంట్లో చేయొచ్చు, ఆదివారం ఒక్కటి సరిపోదు, రెండు పడతాయి. నీడ ఉండాలి, రేకు చల్లగా ఉండాలి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి పెట్టలేం, అప్పుడు పాలిష్ వేస్తే పేస్టు అక్కడికక్కడే అట్టకట్టుకుపోతుంది. ముందు బాగా కడిగి, పలచటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద నిమరండి. ఉత్త చేతికి నున్నగా ఉన్నది కవరులోంచి గరగరమంటే ఏదో అతుక్కుని ఉంది: ఇనుప రజను, చెట్టు జిగురు, తారు. క్లే బార్‌ను (పెయింట్ మీద అతుక్కున్న మురికి లాగే బంకమట్టి లాంటి ముక్క) ముద్దలా పిసికి, షాంపూ నీళ్లు చల్లి జారుతూ ఉండగా తేలిగ్గా తిప్పితే అదంతా క్లేకి అంటుకుని వచ్చేస్తుంది. క్లే కింద పడిందా, పారేయండి. కడుక్కుని వాడతానంటే కుదరదు, ఇసుక అందులోకి దిగిపోతుంది.

ఇప్పుడు బానెట్ మీద అడుగున్నర చదరం ఒకటి టేపుతో గుర్తు పెట్టుకోండి. బండి మొత్తం మీదకు ఒక్కసారే దిగకండి, ముందు ఈ చదరంలో మీ పెయింట్ దేనికి లొంగుతుందో తేల్చుకోవాలి. అన్నిటికంటే మెత్తటి జోడీతో మొదలు: ఫినిషింగ్ పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడ్. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు పెట్టి, మిషను ఆన్ చేయకుండానే చదరమంతా అద్దాలి, లేదంటే గోడ మీదా మీ చొక్కా మీదా పడుతుంది. మెల్లటి స్పీడులో ఒకసారి పరిచి, తర్వాత మిషను స్పీడు 4 లేదా 5 నంబరుకు పెంచండి. చెయ్యి కదిలే వేగం సెకనుకు అంగుళం. ఇది చెప్పినంత తేలిక కాదు, అందరూ ఇస్త్రీ చేసినట్టు చకచకా తోసేస్తారు, అరగాల్సినది అరగదు. ఒక వరస నిలువుగా, దాని మీద సగం ఎక్కేలా పక్క వరస, అలా అయ్యాక అడ్డంగా. నాలుగైదు సార్లు. మిషను బరువు మీద కాస్త చెయ్యి బరువు చాలు. ప్యాడ్ వెనక ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచుకోండి. ఆ గీత తిరుగుతూ కనిపించాలి, ఒక్క చోట వణుకుతూ నిలబడిందంటే ఎక్కువ నొక్కుతున్నారు, ప్యాడ్ ఊగుతోందే గానీ తిరగట్లేదు.

మెత్తటి మైక్రోఫైబర్‌తో తుడిచి, ఐపీఏ కొట్టి, టార్చి వేసి చూడండి. గీతలు పోయాయంటే మీ అదృష్టం, అదే జోడీతో బండంతా చేసుకోండి. సగం మిగిలితే పాలిష్ అదే ఉంచి ప్యాడ్ కాస్త గట్టిది మార్చండి. అప్పటికీ కాకపోతేనే కాంపౌండ్, దాని తర్వాత మళ్లీ ఫినిషింగ్. ఒక్కో కంపెనీ లాకర్ ఒక్కోలా ఉంటుంది, కొన్ని వెన్నలా లొంగుతాయి, కొన్ని రాయిలా మొండికేస్తాయి, అందుకే యూట్యూబ్‌లో ఎవరి బండికో పనికొచ్చిన జోడీ మీ బండికి పనికిరావాలని లేదు. ప్రతి చదరానికీ ప్యాడ్‌ను బ్రష్‌తో దులపాలి, రెండు మూడు ప్యానెళ్లకు ప్యాడ్ మార్చాలి. ఒక్క ప్యాడ్‌తో బండంతా లాగిస్తే ఎండిన పాలిష్, అరిగిన లాకర్ కలిసి మళ్లీ కొత్త గీతలు పెడతాయి. నూటికి నూరు గీతలూ పోవాలని పట్టుబట్టకండి. పదిలో ఎనిమిది పోతే నల్ల బండి నల్లగా కనిపిస్తుంది, మిగిలిన రెంటి కోసం తీసే లాకర్ ఐదేళ్ల తర్వాత అవసరమవుతుంది.

తర్వాత ఏం పూయాలి అన్నదానికి జనం ఇచ్చే ప్రాధాన్యం నేను ఇవ్వను. కార్నౌబా వ్యాక్స్ (చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) నలుపు మీద అందంగా ఉంటుంది, మన ఎండల్లో ఎక్కువ నెలలు నిలవదు. సిరామిక్ వేయించుకోండి తప్పులేదు, నీళ్లు ముత్యాల్లా జారి మురికి అంతగా పట్టదు, కడగడం తేలిక. కానీ "9హెచ్, గీత పడదు" అని అమ్మితే నవ్వి ఊరుకోండి. ఆ 9హెచ్ అన్నది పెన్సిల్ గట్టిదనం, 9హెచ్ పెన్సిల్‌తో గీసి చూసే పరీక్ష. మోస్ స్కేల్ మీద 9 అంటే కెంపులు, నీలాలు ఉండే చోటు, ఆ రెంటికీ సంబంధం లేదు. లుంగీ ముక్కలో ఉన్న ఇసుక పెన్సిల్ కాదు. నిజంగా గీతను ఆపేది పీపీఎఫ్, 150, 200 మైక్రాన్ల మందంలో ఉండే ప్లాస్టిక్ ఫిల్మ్. మంచి రకం అయితే సన్న గీతలు ఎండ వేడికి వాటంతట అవే పూడుకుంటాయి. ఖర్చు చాలా ఎక్కువ. బండంతా వద్దు, బానెట్‌కు, ముందు బంపర్‌కు చాలు అనేది నా అభిప్రాయం.

కడగడమే అసలు పని. పొద్దున ఎండ ఎక్కకముందో, సాయంత్రమో. మొదట ఏదీ తాకకుండా నీళ్లు. ప్రెషర్ పంపు ఉంటే రెండడుగుల దూరం నుంచి, లేకపోతే తోట పైపే. ఆ తర్వాత నురగ కొట్టి ఐదు నిమిషాలు వదిలేస్తే సగం ఇసుక నురగతోపాటు జారిపోతుంది, ఆరనివ్వకూడదు. రెండు బకెట్లు: ఒకదాంట్లో కార్ షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్ షాంపూలో ముంచి ఒక ప్యానెల్ చేసి, ఉత్త నీళ్లలో జాడించి, అప్పుడే మళ్లీ షాంపూ. జాడించే బకెట్టు అడుగున జల్లెడ లాంటి గ్రిట్ గార్డ్ పెడితే ఇసుక కిందే ఉండిపోతుంది. కడిగాక ఆ బకెట్టు అడుగు ఒకసారి చూడండి, అది చూసినవాడు మళ్లీ ఒక్క బకెట్టుతో కడగడు. పైనుంచి కిందకు రండి, టాప్, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం. డోర్ల కింది భాగం, వెనక బంపర్ మాత్రం ఆఖరున కడగండి, అక్కడే ఇసుకంతా ఉంటుంది. టైర్లకు వేరే గుడ్డ. గిన్నెల సబ్బు వద్దు, వేసిన వ్యాక్స్‌ను జిడ్డుతోపాటే లాగేస్తుంది.

ఆరబెట్టేటప్పుడు గుడ్డతో రుద్దకండి, పెద్ద టవల్ పరిచి మెల్లగా అద్దండి. బోరు నీళ్లయితే ఎండలో ఆరనివ్వొద్దు, తెల్ల చుక్కలు గట్టిగా పట్టేస్తాయి, నలుపు మీద అవి గీతల కంటే ఘోరంగా కనిపిస్తాయి. పట్టిన కొత్తలో అయితే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి గుడ్డతో రెండు నిమిషాలు తడిపి ఉంచి కడిగేస్తే పోతాయి. మైక్రోఫైబర్ గుడ్డలకు కుట్టిన లేబుల్ కత్తిరించేయండి, బట్టల మెత్తదనం కోసం వాడే కంఫర్ట్ లాంటివి వేసి ఉతకకండి, ఇంట్లో నూలు బట్టలతో కలపకండి.

సెల్లార్‌లో పైపు పెట్టనివ్వరంటారా, రిన్స్‌లెస్ వాష్ అని దొరుకుతుంది, నీళ్లలో కలిపి తుడిస్తే చాలు, మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేదు, ఒక్క బకెట్టు చాలు. టవళ్లు మాత్రం ఎనిమిది పదుండాలి. అన్నీ అందులో నానబెట్టి, ఒకటి తీసి నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక తుడుపుకు ఒక ముఖం, ఒకే దిక్కుకు, అయిపోయిన టవల్ మళ్లీ బకెట్లోకి పోకూడదు.

వాచ్‌మన్‌తో మాట్లాడటం ఇబ్బందిగా ఉందని చాలామంది ఆగిపోతారు. డబ్బులు కోస్తామేమోనని అతను భయపడతాడు, అంతే. "నెల డబ్బులు అవే ఇస్తాను, నా బండికి అద్దాలు, లోపలి మ్యాట్లు మాత్రం శుభ్రం చెయ్యి, రేకు ముట్టుకోకు" అని చెప్పండి. నా కస్టమర్లలో ఒకావిడ ఇలాగే చెబితే ఆయన మొదట నమ్మలేదట, మూడు రోజులు రహస్యంగా తుడిచాడట. దుమ్ము పట్టిన నల్ల బండి చూసి చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారో అని మీకే మనసాగకపోవచ్చు. ఆగండి. దుమ్ము ఆదివారం నీళ్లకు పోతుంది.

షోరూంలో సర్వీసుకు ఇచ్చినప్పుడు జాబ్ కార్డు మీద "వాష్ వద్దు" అని రాయించి, స్టీరింగ్ మీద కాగితం కూడా అంటించండి. నా సొంత బండిని పాలిష్ చేసిన నాలుగో రోజు సర్వీసుకు పంపితే, ఫ్రీ వాష్ అని అడక్కుండానే కడిగి, పొడిగుడ్డతో తళతళా తుడిచి ఇచ్చారు. ఆ తళతళ చూసి నాకు కన్నీళ్లొక్కటే తక్కువ.

హ్యాండిల్ వెనక గుంటలోవి గోళ్ల గీతలు, ఉంగరం గీతలు, అవి దుమ్మువి కావు. అక్కడ మిషను పట్టదు. ఫోమ్ అప్లికేటర్ ముక్క వేలికి చుట్టి, ఫినిషింగ్ పాలిష్ రెండు చుక్కలు వేసి, అడ్డంగా అటూ ఇటూ రెండు నిమిషాలు తోయండి, చాలావరకు పోతాయి. తర్వాత ఆ గుంటల్లో అంటించడానికి పారదర్శకమైన ఫిల్మ్ ముక్కలు నాలుగు డోర్లకూ కోసినవి దొరుకుతాయి. అవి అతికేటప్పుడు ముందు సబ్బు నీళ్లు చల్లుకోండి, లేదంటే బుడగలు లేస్తాయి.